కార్టూన్లు చూస్తే కమ్యూనిజం వస్తుంది

మీ పిల్లలు గనక శనివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చుని కార్టూన్లు చూస్తుంటే, చదవడం ఆపి ముందు ఆ టీవీ కట్టేసి రండి. కార్టూన్ నెట్‌వర్క్‌కీ, గుర్రమెక్కి వచ్చి మన తల తీసేసే కమ్యూనిస్టుకీ మధ్య పెద్ద దూరం లేదు. ఇది నా మాట కాదు. అమెరికాలో 1971లోనే సినిమా తీసి మరీ నిరూపించారు.

సినిమా పేరు ‘ఇఫ్ ఫుట్‌మెన్ టైర్ యూ, వాట్ విల్ హార్సెస్ డూ?’. కాలినడకన పోయేవాళ్లతో పరుగెత్తడానికే ఆయాసపడితే, రేపు గుర్రాలతో ఏం పోటీ పడతావని బైబిల్లో యిర్మీయాకి ఎదురైన ప్రశ్న అది. మిసిసిపీ రాష్ట్రంలో న్యూ ఆల్బనీ అనే చిన్న ఊరి (నవలాకారుడు ఫాక్‌నర్ పుట్టింది అక్కడే, పాపం) బాప్టిస్టు పాస్టర్ ఎస్టస్ పర్కిల్ గారు దానికి తాత్పర్యం చెప్పారు. కాలినడక వాళ్లంటే డ్యాన్సు, మందు, టీవీ, బడిలో సెక్స్ ఎడ్యుకేషన్, శనివారం కార్టూన్లు. గుర్రాలంటే కమ్యూనిస్టులు. ఉపమానం జనానికి ఎక్కదేమోనని, సినిమాలో కమ్యూనిస్టుల్ని నిజంగానే గుర్రాలెక్కించారు. అప్పటికి సోవియట్ యూనియన్ మనిషిని అంతరిక్షంలోకి పంపి పదేళ్లయింది, ఖండాలు దాటే క్షిపణులున్నాయి. అయినా మిసిసిపీ మీదకి గుర్రాల మీదే వచ్చారు. డీజిల్ ఖర్చు కలిసొస్తుందని కాబోలు.

దర్శకుడు రాన్ ఆర్మండ్ అనుభవం తక్కువది కాదు. కౌబాయ్ సినిమాలు తీశాడు, 1968లో స్ట్రిప్ క్లబ్బులో రాక్షసుణ్ణి తిప్పాడు. విమాన ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడ్డ కృతజ్ఞత తర్వాత అతన్ని భక్తి సినిమాల వైపు తిప్పింది. మార్గం మారింది గానీ ఎర్రరంగు డబ్బా మారలేదు. ప్రసంగం మధ్యలో పిల్లాడి చెవిలోకి వెదురుపుల్ల దిగుతుంది, ఇంకెప్పుడూ దేవుని వాక్యం వినకుండా. యేసు బొమ్మని తొక్కనన్న ఇంకో పిల్లాడి తల తెగుతుంది. ఇవన్నీ చర్చి హాల్లో, భక్తుల శ్రేయస్సు కోరి చూపించినవి.

ఒక్క సీను గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. తరగతి గది. యేసుని క్యాండీ అడగండని కమ్యూనిస్టులు పిల్లలకి చెబుతారు. పసివాళ్లు కళ్లు మూసుకుని, తలలు వంచి అడుగుతారు. ఏమీ రాదు. సరే, ఇప్పుడు ఫిడెల్ కాస్ట్రోని అడగండంటారు. మళ్లీ కళ్లు మూసుకుంటారు. తెరిచేసరికి బల్లల మీద క్యాండీలు. నేను ఇక్కడ లెక్క వేసుకున్నాను. 1969లోనే క్యూబాలో పంచదారకి రేషను పెట్టారు. 1970కి కోటి టన్నుల పంచదార తీస్తామని కాస్ట్రో దేశం మొత్తాన్ని చెరకు తోటల్లోకి తోలి, ఎనభై అయిదు లక్షల టన్నుల దగ్గర చతికిలబడ్డాడు. సొంత జనం టీలోకి పంచదార చాలని మనిషి మిసిసిపీ పిల్లలకి క్యాండీలు సప్లయి చేశాడంటే, అంతర్జాతీయవాదం గురించి పార్టీ వాళ్లు కూడా ఇంత గొప్పగా చెప్పుకోలేదు.

భయం మొత్తం కల్పితమేనా అంటే కాదు. మాస్కోలో పెద్ద కెథెడ్రల్‌ని స్టాలిన్ ప్రభుత్వం 1931లో పేల్చేసింది. అల్బేనియా 1967లో నాస్తిక దేశమని ప్రకటించుకుని చర్చిలకీ మసీదులకీ కలిపి తాళాలేసింది. రుమేనియా పాస్టర్ వుర్మ్‌బ్రాండ్ పద్నాలుగేళ్లు జైళ్లలో గడిపి, 1966లో అమెరికా సెనెట్ కమిటీ ముందు చొక్కా విప్పి మచ్చలు చూపించాడు. ఇన్ని నిజాలు చేతికందే దూరంలో ఉన్నాయి. కానీ వాటిలో గుర్రాలూ లేవు, క్యాండీలూ లేవు. సినిమాకి పనికిరావు.

పర్కిల్ గారి పాపాల చిట్టాలో సొంత రాష్ట్రం సంగతి ఒకటి పడలేదు. సినిమాకి ఏడేళ్ల ముందు, 1964 జూన్ 16 రాత్రి, మిసిసిపీలోనే నెషోబా కౌంటీలో నల్లవాళ్ల మౌంట్ జయాన్ చర్చిని తగలబెట్టారు. అంతకు ముందు మీటింగు ముగించుకుని వస్తున్న విశ్వాసుల్ని కొట్టారు కూడా. ఆ సంగతి కనుక్కోవడానికి వెళ్లిన జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే పౌరహక్కుల కార్యకర్తలు, ముగ్గురూ కుర్రాళ్లే, 44 రోజుల తర్వాత ఒక మట్టికట్ట కింద శవాలై దొరికారు. ఆ ఒక్క వేసవిలో ఆ రాష్ట్రంలో ముప్పైకి పైగా చర్చిలు తగలబడడమో పేలిపోవడమో జరిగింది. చర్చి జోలికొచ్చేవాడు కమ్యూనిస్టేనన్న సూత్రం ప్రకారం ఇది క్రెమ్లిన్ పనే అయ్యుండాలి. తీరా చూస్తే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల రహస్య ముఠా. వాళ్ల కరపత్రాలు చదివితే ఓటు హక్కు అడిగే నల్లవాళ్లూ, వాళ్లకి సాయమొచ్చినవాళ్లూ కమ్యూనిస్టులు. అంటే, కమ్యూనిస్టుల బారిన పడకుండా చర్చిని తామే ముందుగా తగలబెట్టేశారన్నమాట.

ఆ హత్యల సూత్రధారి ఎడ్గర్ రే కిలెన్‌కి రంపపు మిల్లు ఉండేది. దాంతోపాటు బాప్టిస్టు ప్రసంగాలు కూడా చేసేవాడు. 1967 విచారణలో జ్యూరీలో పదకొండుగురు దోషి అంటే, ఒకావిడ మాత్రం బోధకుణ్ణి దోషి అనడానికి నాకు మనసొప్పదంది. దాంతో అతను ఇంటికెళ్లిపోయాడు. శిక్ష పడింది 2005లో, ఎనభయ్యో ఏట. ఈ సినిమా ఆడే రోజుల్లో కూడా మిసిసిపీలో హాయిగా తిరుగుతూనే ఉన్నాడు. జనాన్ని భయపెట్టడానికి పర్కిల్ గారికి మాత్రం క్యూబా నుంచి మనుషుల్ని దింపుకోవాల్సి వచ్చింది. ఇందులో ఏమైనా కుట్ర ఉందేమో విచారణ జరగాలి.

సినిమాలో లౌడ్‌స్పీకర్ల సంగతి మర్చిపోయాను. చేతికి చిక్కిన క్రైస్తవుల చెవుల్లో గంటల తరబడి ఏం ఊదరగొడతారో పర్కిల్ గారు స్వయంగా పలికి వినిపిస్తారు: కమ్యూనిజం మంచిది, క్రైస్తవం మూర్ఖత్వం, లొంగిపొండి. నెగటివ్‌ల్యాండ్ అనే కాలిఫోర్నియా బృందం 1987లో ఆ గొంతునే కత్తిరించి, కింద డ్రమ్ములు పెట్టి పాట చేసి వదిలింది. రాక్ పాటలు వినే కుర్రకారుకి ఆ నినాదాన్ని ఇంత బాగా చేరవేసిన కమ్యూనిస్టు కార్యకర్త అమెరికాలో మరొకడు నాకు తగల్లేదు.