టిక్కులా, చుక్కలా?

డిసెంబర్ 31, రాత్రి పది కావస్తోంది. విజయనగరంలో మా వీధి వీధంతా ముగ్గుల మీదే ఉంది. మేం కతోలికులం, పదకొండున్నరకల్లా గుళ్లో, అంటే చర్చిలో ఉండాలి. మా ఆవిడ చుక్కలు పెడుతోంది, మా చెల్లెలు రంగులు పట్టుకుని కూర్చుంది, నేను అరుగు మీంచి టార్చి పట్టడానికి మాత్రమే పనికొచ్చాను. మా చెల్లెలు గంటస్తంభం దగ్గర కొత్త డైరీ కొనుక్కొచ్చి అందులో 2026కి తొమ్మిది లక్ష్యాలు రాసుకుంది. గొడవ అక్కడ మొదలైంది. ఇద్దరి మాటలూ విన్నవి విన్నట్టు రాస్తున్నాను. వదిన అంటే మా ఆవిడ, మరదలు అంటే మా చెల్లెలు.

వదిన: తొమ్మిదేటమ్మా, తొమ్మిది! చదువు, వింటాను.

మరదలు: పొద్దున్న ఫోన్ ముట్టుకోకముందే ఆరోజు సువార్త చదవాలి. రోజూ జపమాల. నెలకోసారి గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం. ఆదివారం పూజకి ప్రవేశగీతం మొదలవకముందే చేరుకోవాలి. ఆరు కిలోలు తగ్గాలి...

వదిన: ఆరు కిలోలు దేవుడి లెక్కా, టైలర్ లెక్కా?

మరదలు: శరీరం పవిత్రాత్మ ఆలయమని పౌలుగారు చెప్పలేదా?

వదిన: చెప్పారులే, నీ జాకెట్టు కొలతల గురించి మాత్రం కాదు. అసలు మనకి కొత్త ఏడాది రేపేటి? క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమనకాలం మొదటి ఆదివారం, నవంబర్ 30నే తిరుసభకి, అంటే మన చర్చికి, కొత్త ఏడాది వచ్చేసింది. ఆరోజు మొదటి కొవ్వొత్తి వెలిగిస్తుంటే నీకు ఒక్క లక్ష్యమూ గుర్తురాలేదు గానీ, బేకరీవాళ్లు రోడ్డు మీద టెంట్లు వేసి కేకులు పేర్చేసరికి తొమ్మిదీ గుర్తొచ్చాయి. రేపు గుళ్లో పండుగ మరియమాతది, దేవమాత మహోత్సవం. క్యాలెండర్ మారినందుకు కాదు.

మరదలు: సరే, రేపటి సువార్తే చూద్దాం. గొర్రెల కాపరులు వచ్చి చెప్పినవన్నీ మరియమ్మ మనసులో పెట్టుకుని తలపోస్తూ ఉందని లూకా రాశాడు. నేనూ ఆలోచించే రాశాను, కాకపోతే మనసులో ఉంచుకోకుండా డైరీలో పెట్టాను.

వదిన: మరియమ్మ దేవదూతతో "నీ మాట ప్రకారమే జరగనీ" అంది తప్ప, "నా తొమ్మిదీ ఇవిగో, సంతకం పెట్టు" అనలేదు. యాకోబుగారి లేఖ నాలుగో అధ్యాయం చూడు. రేపు ఫలానా ఊరు పోతాం, ఏడాది ఉంటాం, వ్యాపారం చేసి లాభం తెస్తాం అనేవాళ్లతో ఆయన ఏమన్నాడు? రేపేం జరుగుతుందో మీకేం తెలుసు, మీరు కాసేపు కనపడి పోయే ఆవిరి అన్నాడు.

మరదలు: ఆ తర్వాత వాక్యం మింగేశావు. ప్రభువు చిత్తమైతే ఇది చేస్తాం, అది చేస్తాం అని చెప్పమన్నాడు. అనుకోవద్దనలేదు, పక్కన ఆ మాట చేర్చుకోమన్నాడు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కేసుకోడా అని ప్రభువే అడిగారు, లూకా పద్నాలుగు. పునాది వేసి ఆపేసినవాణ్ణి చూసి జనం నవ్వుతారట.

వదిన: ఆపేసిన గోపురం చూపించనా?

(లోపలికి వెళ్లి పాత డైరీ తెచ్చింది. మా చెల్లెలిదే, క్రిస్మస్ సర్దుళ్లలో అటక మీంచి దిగింది. 2025 తిరుసభకి పవిత్ర సంవత్సరం కాబట్టి మొదటి పేజీలో ఎర్రసిరాతో "జూబిలీ 2025", కింద ఏడు లక్ష్యాలు. జనవరి 1 నుంచి 12 దాకా ప్రతి తేదీ పక్కనా టిక్కులు, ఎంత నీటుగా ఉన్నాయంటే స్కేలు పెట్టి గీసిందేమో అనిపించింది. 13 భోగి. అక్కడి నుంచి ఖాళీ. ఫిబ్రవరికొచ్చేసరికి నా చేతిరాత: "పాలు లీటరు, పాలు లీటరున్నర, రాలేదు.")

మరదలు: పండక్కి ఇంటినిండా చుట్టాలు. జపమాల రెండు రోజులు తప్పింది. ఆ తర్వాత ఆ ఖాళీ గడులు చూస్తే మళ్లీ డైరీ తెరవబుద్ధి కాలేదు.

వదిన: నేనంటున్నదీ అదే. అందరూ నిన్ను విడిచిపోయినా నేను పోను అని ప్రభువుతో పేతురుగారు అంత గట్టిగా అన్నారే, తెల్లారి కోడి కూసేలోపు ఆయనెవరో తెలియదని మూడుసార్లు అబద్ధమాడేశారు. మనిషి పట్టుదల అంతే. "నేను లేకుండా మీరేమీ చేయలేరు" అని ప్రభువు ముందే చెప్పారు. మనం వరప్రసాదం అడగం, డైరీ కొంటాం.

మరదలు: మరి పాపసంకీర్తనంలో నువ్వు చేసేదేంటి వదినా? మనస్తాప జపంలో ఇక ఈ పాపం చెయ్యనని మాటిస్తావు కదా, అది లక్ష్యం కాదా? తిరుసభ ఏడాదికి ఒక్కసారైనా చేసి తీరాలంటుంది, 1215లో బిషప్పులు కూడిన లాటరన్ మహాసభ పెట్టిన నియమం. నేను నెలకోసారి అనుకున్నాను, అదీ తప్పేనా?

వదిన: (కాసేపు చుక్కలు పెట్టడం ఆపేసి) ఆ మాట ఇస్తాం, నిజమే. కానీ ఒట్టిగా ఇవ్వం, నీ వరప్రసాద సహాయంతో అని ఇస్తాం. పైగా అక్కడ మన తప్పు పేరుపెట్టి చెప్పాకే మాటిస్తాం. నీ తొమ్మిదింట్లో నీ తప్పు ఎక్కడుంది? సువార్త, జపమాల, కిలోలు, పొదుపు, అన్నీ నువ్వు ఎంత బాగుంటావో చూపించేవే. పొద్దున్న గ్యాస్ అయిపోయిందని మీ అన్నయ్య చెప్పడం ఆలస్యమైతే నువ్వన్న మాట ఏ నంబరు కింద వస్తుంది?

(ఆ మాట నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.)

మరదలు: ...అది రాయలేదు.

వదిన: అందుకే నన్నడిగితే ఈస్టర్‌కి ముందొచ్చే తపస్కాలం దాకా ఆగమంటాను. అది మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 18న. నలభై రోజులు, ఊరంతా కలిసి చేస్తాం, చివర ఈస్టర్ ఉంటుంది. ఏడాది మోయమంటే ఎవరివల్లా కాదు.

మరదలు: అంటే ఇంకా 48 రోజులు అన్నయ్యని తిట్టుకుంటూ కూర్చోమంటావా? ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు కథలో తోటమాలి ఏమన్నాడు? మూడేళ్లుగా కాయలేదు, నరికెయ్యమని యజమాని అంటే, ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఏడాది గడువు నేను పెట్టింది కాదు. ఎరువు వెయ్యడానికి ముహూర్తం చూడాలా?

వదిన: (నవ్వింది) ఇది బాగుంది, ఒప్పుకున్నాను. అయితే తొమ్మిది చెట్లకీ ఒక్క తట్ట ఎరువు చల్లకు. ఒకటే పట్టుకో. నా చిన్నప్పుడు మా ఊరి ఉపదేశిగారు చెప్పేవారు, జెసూట్ సభ స్థాపించిన పునీత లొయోలా ఇన్నాసివారి పద్ధతి. ఆయన యుద్ధంలో కాలు విరిగిన సైనికుడు, 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలింది. ఆయన ఒక్క తప్పు ఎంచుకుని దాని మీదే లెక్క పెట్టమన్నారు. పొద్దున్న లేస్తూనే ఇవాళ ఈ తప్పులో పడనని అనుకోవాలి. పడితే ఎవరికీ తెలియకుండా గుండె మీద చెయ్యి వేసుకోవాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి కూర్చుని, పడ్డన్నిసార్లూ గీత మీద చుక్క పెట్టాలి. రోజుకి రెండు గీతలు, వారానికి ఏడు జతలు. నిన్నటికీ ఇవాళ్టికీ, పోయిన వారానికీ ఈ వారానికీ చుక్కలు తగ్గాయా అని చూసుకోవాలి.

మరదలు: ఆగాగు, తప్పినందుకు చుక్కా? చేసినందుకు టిక్కు కాదా?

వదిన: అదే తేడా. టిక్కు తప్పితే నీకు సిగ్గేసి డైరీ మూసేశావు. ఇక్కడ తప్పిన రోజే రాయడానికి పని ఎక్కువ.

మరదలు: అంటే భోగి రోజున కూడా డైరీ తెరవాల్సిందే.

వదిన: ఆరోజే మరీను, ఇంటినిండా చుట్టాలుంటారు కదా.

మరదలు: మరి నీ తప్పేంటి వదినా? నాది గ్యాస్ సిలిండర్ దాకా లాగావు, నీది కూడా చెప్పు మరి.

(గుడి గంట వినపడింది. టైం చూద్దామని లేచి ఒక అడుగు ముందుకు వేశాను. నా చెప్పు తిన్నగా పసుపు రంగు పోసిన రేకు మీద పడింది. ఆ తర్వాత మా ఆవిడ నన్నన్న మాటలు పక్కింటి మేడ మీదికి కూడా వినపడి ఉంటాయి. అన్నీ అయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.)

మరదలు: వదినా, పెన్ను ఇమ్మంటావా?

వదిన: ఇంకా పన్నెండు కాలేదు కదే!

మరదలు: కొత్త ఏడాది నవంబర్ 30నే వచ్చేసిందన్నావు.

(పాత డైరీలోనే, పాల లెక్క కింద, మా ఆవిడ అడ్డంగా ఒక గీత గీసి దాని మీద చుక్క పెట్టింది. చేతికి ముగ్గు పిండి ఉండడంతో చుక్క పక్కన తెల్లగా వేలిముద్ర పడింది. నేను చెప్పు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.)