మొదటి వీడ్కోలుకు స్వాగతం

2003లో ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బృందం అభిమానుల దగ్గర సెలవు తీసుకోవడానికి ఒక కచేరీ యాత్ర మొదలుపెట్టి, దానికి ‘ఫేర్‌వెల్ 1’ అని పేరు పెట్టింది. ఆ ఒకటి అంకెను చూసి చాలామంది నవ్వుకున్నారు గాని, నాకు మాత్రం గౌరవం కలిగింది. ఇదే ఆఖరు అని చెప్పి టికెట్లు అమ్ముకుని, రెండేళ్లు తిరగకుండా మళ్లీ గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యే కళాకారులకు ఏ దేశంలోనూ కొదవ లేదు. ఇది మొదటి ఆఖరు మాత్రమేనని, తదుపరి ఆఖర్ల సంగతి తర్వాత తెలియజేస్తామని యాత్ర పేరులోనే ఒప్పుకున్న నిజాయతీపరులు అరుదు.

ఈగల్స్ చరిత్రను ఇంతవరకు ఎక్కువగా సంగీత విమర్శకులే రాశారు గనుక అది లోకానికి సక్రమంగా అర్థం కాలేదని నా నిశ్చితాభిప్రాయం. పాటలు ఆ సంస్థకు ఉప ఉత్పత్తి మాత్రమే. దాని ప్రధాన ఉత్పత్తి తగాదా. ఒకరి ముఖం ఒకరు చూడడానికి ఇష్టపడని మనుషులు వరుసగా నిలబడి, వెంట్రుకవాసి శ్రుతి తప్పకుండా గొంతులు కలిపితే, ఆ అద్భుతాన్ని చూడడానికి జనం ఎంతైనా చెల్లిస్తారని కనిపెట్టిన ఘనత డ్రమ్స్ వాయిస్తూ పాడే డాన్ హెన్లీకి, గిటారు వాయిస్తూ పాడే గ్లెన్ ఫ్రైకి దక్కాలి. ఐకమత్యమే మహాబలమని చిన్నప్పుడు మనకు నేర్పిన మాస్టార్లు ఈ ఇద్దరినీ పరిగణనలోకి తీసుకోలేదు.

బృందం పుట్టుక 1971లో, లాస్ ఏంజెలెస్‌లో. ట్రూబడూర్ అనే క్లబ్బు చుట్టూ తిరిగే కుర్రాళ్లలో డెట్రాయిట్ నుంచి వచ్చిన ఫ్రై, టెక్సాస్‌లోని లిండెన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన హెన్లీ, ఇద్దరూ గాయని లిండా రాన్‌స్టాట్ వెనుక వాయించే కొలువులో కుదిరారు. ఆ కొలువులో ఉండగానే సొంత దుకాణం పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆమె అభ్యంతరం చెప్పకపోగా ఆశీర్వదించి పంపింది. ఈ చరిత్ర మొత్తంలో వకీళ్ల అవసరం లేకుండా జరిగిన కొద్దిపాటి విడిపోవడాలలో ఇదొకటి. వారితో చేరిన బెర్నీ లెడన్ అంతకుముందు ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ అనే బృందాన్ని వదిలి వచ్చినవాడు. బేస్ గిటారు వాయించే రాండీ మైస్నర్ ఇంకా ఒక మెట్టు పైన ఉన్నాడు: పోకో అనే బృందాన్ని దాని మొదటి ఆల్బమ్ విడుదల కాకముందే వదిలేశాడు. అనగా కొత్త సంస్థ అనుభవజ్ఞులనే ఎంచుకుని చేర్చుకున్నది.

డేవిడ్ గెఫెన్ అనే చురుకైన యువ వ్యాపారి తన అసైలమ్ రికార్డ్స్ కంపెనీలోకి వీరిని తీసుకుని, కాలిఫోర్నియా ఎండను, ఎడారి గాలిని, తారు రోడ్లను వర్ణించే పాటల రికార్డింగుకు లండన్ పంపాడు. అక్కడ గ్లిన్ జాన్స్ అనే పేరుమోసిన ఇంగ్లీషు నిర్మాత వీరి గొంతుల కలయికే వీరి బలమని గ్రహించి దానినే ముందుకు తెచ్చాడు. 1972లో వచ్చిన మొదటి ఆల్బమ్ విజయవంతమైంది. మరుసటి ఏడు వచ్చిన రెండోది అంతగా అమ్ముడుపోలేదు. మూడోదాని మధ్యలో, తాము మెత్తని పాటలవాళ్లం కాదని, అసలైన రాక్ వాయిస్తామని ఫ్రై పట్టుబట్టడంతో నిర్మాత మారాడు. బిల్ సిమ్‌జిక్ వచ్చాడు. ఆయనతోపాటు 1974లో డాన్ ఫెల్డర్ అనే గిటారు విద్వాంసుడు కూడా వచ్చాడు. ఈయన పేరు గుర్తుంచుకోవాలని మనవి. వ్యాజ్యాల అధ్యాయంలో మళ్లీ వస్తాడు.

బ్యాంజో, మాండలిన్ వాయించగల లెడన్‌కు ఈ కొత్త పోకడ నచ్చలేదు. 1975లో ఒకనాడు, భవిష్యత్ కార్యక్రమం గురించి ఫ్రై ఉత్సాహంగా మాట్లాడుతుండగా, లెడన్ తన చేతిలోని బీరును నిదానంగా అతని నెత్తిన గుమ్మరించాడు. రాజీనామా పత్రాలు ఎన్నో చదివాను గాని, ఇంత క్లుప్తంగా, ఇంత స్పష్టంగా ఉన్నది చూడలేదు. అతని స్థానంలో జో వాల్ష్ వచ్చాడు. హోటల్ గదుల్లోని సామాను ధ్వంసం చేయడంలో వాల్ష్‌కు ఉన్న ఖ్యాతి అతని గిటారు ఖ్యాతికి ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ ఒక ఆర్థిక విషయాన్ని ప్రస్తావించక తప్పదు. కొత్త ఆల్బమ్ తయారు కావడం ఆలస్యమవుతున్నదని రికార్డు కంపెనీ 1976 ఫిబ్రవరిలో అప్పటివరకు వచ్చిన పాటల్లో పదింటిని ఏరి ఒక సంకలనంగా విడుదల చేసింది. దానికోసం బృందం కొత్తగా ఒక్క స్వరం కూడా వాయించలేదు. ఆ సంకలనం 2018లో 3 కోట్ల 80 లక్షల ప్రతుల స్థాయిని అందుకున్నట్టు అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ధ్రువీకరించి, మైకల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను అమెరికా అమ్మకాల్లో రెండో స్థానానికి నెట్టింది. తగాదాపడడానికి సైతం ఒకచోట చేరవలసిన అవసరం లేని ఏకైక ప్రాజెక్టే అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయింది. ఈ పాఠాన్ని వారు ఎన్నడూ మరిచిపోలేదు.

1976 డిసెంబరులో ‘హోటల్ కాలిఫోర్నియా’ అనే ఆల్బమ్ వచ్చింది. ఆ టైటిల్ పాటకు బాణీ ఫెల్డర్‌ది. మాలిబు సముద్రతీరంలో అద్దెకు తీసుకున్న ఇంట్లో కట్టి, క్యాసెట్‌లో రికార్డు చేసి పంపినది. మయామీ స్టూడియోలో అసలు రికార్డింగు జరుగుతున్నప్పుడు చివరి గిటారు ఘట్టాన్ని ఫెల్డర్, వాల్ష్ కొత్తగా వాయించబోతే, క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టే కావాలని హెన్లీ అడ్డుపడ్డాడు. క్యాసెట్ మాలిబులో ఉంది. చివరికి ఫెల్డర్ తన ఇంట్లో పనిచేసే ఆమెకు ఫోన్ చేసి, క్యాసెట్ వేయించి, రిసీవర్ దాని దగ్గర పెట్టించి, విని నేర్చుకుని వాయించాడు. తన స్వరాలను తానే టెలిఫోనులో పాఠంగా చెప్పించుకున్న ఈ గురుశిష్య పరంపర ఫలితాన్ని తెలుగునాట ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో గిటారు పట్టిన ప్రతి తరమూ అనుభవిస్తూనే ఉంది: మొదటి నాలుగు తీగస్వరాలు అందరికీ వస్తాయి, చివరి రెండు నిమిషాలు ఎవరికీ రావు.

సంపద, విలాసం, అతి మనిషిని ఎలా చెరపట్టుతాయో ఆ ఆల్బమ్ చెబుతుందని అంటారు. చెప్పవలసినవారే చెప్పారు, వారి దగ్గర పరిశోధన సామగ్రికి లోటు లేదు.

తరువాతి నిష్క్రమణ మైస్నర్‌ది, ఇది నవ్వుకోదగినది కాదు. ఒక పాట చివర అతడు ఆకాశాన్నంటే స్వరం ఒకటి పాడాలి. ఊరూరా ప్రతి రాత్రీ పాడాలి. 1977లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో, ఒంట్లో బాగాలేక ఆ పాట పాడనని అతడంటే, ఫ్రైతో మాటామాటా పెరిగి తెర వెనుక చేయిచేసుకునేదాకా వెళ్లింది. సిగ్గరి అయిన ఆ మనిషి ఆ ఏడే తప్పుకున్నాడు. గొంతు బాగులేని గాయకుడికి ఒక రాత్రి విశ్రాంతి ఇవ్వలేని సంస్థ ఎంత గొప్ప పాటలు చేసినా నాకు ఆ సంఘటన మింగుడుపడదు. అతని స్థానంలో వచ్చిన టిమొతీ బి. ష్మిట్ ఎవరంటే, పోకో బృందంలో కూడా మైస్నర్ ఖాళీ చేసిన చోటనే చేరినవాడు. ఇంతకన్నా క్రమబద్ధమైన పదోన్నతి విధానం ప్రభుత్వ శాఖల్లోనూ కనిపించదు.

ఇక 1980 జులై 31. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ ఎన్నికల నిధి కోసం కచేరీ. ముందుగా సెనేటర్ వచ్చి సభ్యులకు కృతజ్ఞతలు చెప్పగా, ఫెల్డర్ ‘పరవాలేదు, సెనేటర్‌గారూ’ అని బదులిచ్చి, చివర్లో ‘అనుకుంటాను’ అన్న ధ్వని గల ముక్క ఒకటి జోడించాడు. ఆ ఒక్క ముక్క ఫ్రైకి చాలింది. కచేరీ మొదలైంది, పాటల్లో ప్రేమ, ఆర్ద్రత, ఎడారి చంద్రుడు. పాటకూ పాటకూ మధ్య, మైకులకు అందకుండా, ఇంకా మూడు పాటలే ఉన్నాయి, ఆ తర్వాత నీ సంగతి చూస్తానని ఫ్రై, రా చూసుకుందామని ఫెల్డర్. ప్రేక్షకులకు వినబడినదల్లా శ్రుతిశుద్ధమైన గానమే. ఆ కచేరీ ముగిశాక బృందం ఆచరణలో లేకుండా పోయింది.

అయితే రికార్డు కంపెనీకి ఒక ప్రత్యక్ష కచేరీ ఆల్బమ్ ఇవ్వవలసి ఉంది. ప్రత్యక్షంగా పాడిన పాటల్లోని లోపాలను తర్వాత స్టూడియోలో సరిదిద్దడం పరిశ్రమలో ఉన్నదే. ఇబ్బంది ఏమంటే ఫ్రై మిగతావారితో మాట్లాడడం లేదు. కనుక ఆయన తన గొంతును లాస్ ఏంజెలెస్‌లో సరిదిద్దుకున్నాడు, మిగిలినవారు ఖండానికి ఆవలి అంచున మయామీలో సరిదిద్దుకున్నారు, టేపులు కొరియరులో ఇటూ అటూ తిరిగాయి. మూడు గొంతుల సామరస్యం ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ వారి సౌజన్యంతో సిద్ధమైందని నిర్మాత సిమ్‌జిక్ తర్వాత చెప్పుకున్నాడు. 1980 నవంబరులో అది ‘ప్రత్యక్షం’ అన్న పేరుతోనే బజారులోకి వచ్చింది. ఇంటినుంచి పని చేయడం మన హైదరాబాదు ఐటీ కంపెనీలు 2020లో కనిపెట్టాయని అనుకునేవారు ఈ పేరా మరొకసారి చదువుకోగలరు.

తర్వాతి పధ్నాలుగేళ్లలో హెన్లీ, ఫ్రై ఎవరికివారే పాడి రాణించారు, మిగతావారు అంతంతమాత్రం. మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగితే, నరకం గడ్డకట్టినప్పుడు అని హెన్లీ జవాబు చెప్పేవాడు. 1993లో పల్లె బాణీ గాయకులు ఈగల్స్ పాటలతో ఒక నివాళి ఆల్బమ్ చేసి, అందులోని ఒక పాట వీడియోలో పాత సభ్యులను ఒకచోటికి పిలిచారు. ఆ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది. తమ పాటలు ఇతరులు పాడితేనే ఇంత గిరాకీ ఉన్నప్పుడు, పాతికేళ్ల వయసునాటి కోపాలు ఎంత నిరర్థకమైనవో పెద్దమనుషులకు తట్టింది.

1994 ఏప్రిల్‌లో బర్బాంక్‌లోని స్టూడియోలో, ఎంటీవీ కెమెరాల ముందు, అయిదుగురూ కూర్చున్నారు. మేము విడిపోనేలేదు, పధ్నాలుగేళ్ల సెలవు తీసుకున్నాము అంతేనని ఫ్రై ప్రకటించాడు. ఆ యాత్రకు, ఆల్బమ్‌కు ‘హెల్ ఫ్రీజెస్ ఓవర్’, అనగా నరకం గడ్డకట్టింది, అని పేరు. భీష్ముడు శపథం పట్టి, జీవితాంతం నిలబెట్టుకుని, దానివల్ల బాణాల పడక తప్ప మరేమీ సంపాదించలేకపోయాడు. హెన్లీ శపథం పట్టి, దానిని భంగపరిచి, ఆ భంగాన్నే శీర్షిక చేసి, బిల్‌బోర్డ్ అనే అమెరికన్ సంగీత పత్రిక ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానంలో కూర్చోబెట్టాడు. మంచి సీట్ల ధర 100 డాలర్లు దాటింది. అప్పటి రాక్ ప్రపంచంలో అది విడ్డూరం. పెదవి విరిచినవారు విరుస్తూనే క్యూలో నిలబడ్డారు.

1970ల్లో అందరికీ సమాన వాటా. 1994లో మాత్రం ఈ పేరును బతికించినది మేమిద్దరమేనని, కనుక మాకు ఎక్కువ రావాలని ఫ్రై, హెన్లీ షరతు పెట్టారు. వాల్ష్, ష్మిట్ తలూపారు. ఫెల్డర్ సంతకం పెట్టాడు గాని లెక్కలు అడగడం మానలేదు. 1998లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానానికి వచ్చినవారు, పోయినవారు, పంపబడినవారు మొత్తం ఏడుగురూ ఒకే వేదికపై వాయించారు. అది ఒక్క రాత్రి ముచ్చట. 2001లో ఫెల్డర్‌ను తొలగించారు. ఆయన దావా వేశాడు. 2007లో కోర్టు బయట రాజీ కుదిరింది.

అదే 2007లో 28 ఏళ్ల తర్వాత పూర్తిస్థాయి కొత్త స్టూడియో ఆల్బమ్ వచ్చింది. అమెరికా సామ్రాజ్య వ్యామోహాన్ని, వస్తు వ్యామోహాన్ని దుయ్యబట్టే పాటలు అందులో ఉన్నాయి. వస్తు వ్యామోహపరులకు ఈ హెచ్చరిక సూటిగా చేరాలన్న సదుద్దేశంతో కాబోలు, అమెరికాలో దుకాణాలలో ఆ ఆల్బమ్‌ను అమ్మే హక్కు ఒక్క వాల్‌మార్ట్‌కే ఇచ్చారు. రెండు డిస్కులూ కలిపి 11 డాలర్ల 88 సెంట్లు. ఒకే దుకాణంలో దొరికే ఆల్బమ్‌ను పట్టికలో చేర్చరాదన్న తన నియమాన్ని బిల్‌బోర్డ్ అదే వారంలో మార్చుకోగా, మొదటి స్థానం వీరికి, రెండోది బ్రిట్నీ స్పియర్స్‌కు దక్కాయి. 2017లో మెక్సికోలోని ఒక చిన్న హోటల్ తమ ‘హోటల్ కాలిఫోర్నియా’ పాట పేరును వాడుకుంటున్నదని వీరే కోర్టుకెక్కారు. ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు గాని ఎన్నటికీ వదిలిపోలేని హోటల్‌ను ప్రపంచానికి ఇచ్చినవారికి, నిజంగా గదులు అద్దెకిచ్చే హోటల్ మీద అభ్యంతరం ఉండడం సహజం.

2016 జనవరి 18న గ్లెన్ ఫ్రై మరణించాడు. అతనితో నిత్యం పోట్లాడినవారు కూడా ఆ లోటును దాచుకోలేదు. ఆ ఫిబ్రవరిలో గ్రామీ వేదికపై అతని పాటతో నివాళి అర్పించినవారిలో, ఒకప్పుడు అతని నెత్తిన బీరు పోసిన లెడన్ కూడా ఉన్నాడు. ఇక బృందం పాడకపోవచ్చునని హెన్లీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. మరుసటి ఏడే ఫ్రై కుమారుడు డీకన్‌తో, విన్స్ గిల్ అనే గాయకుడితో బృందం మళ్లీ వేదిక ఎక్కింది. బాగా పాడారు, అది కూడా చెప్పాలి. ఆ గొంతుల కలయిక వింటే ఎంతటి వ్యంగ్య రచయితకైనా కలం కాసేపు ఆగుతుంది.

2023 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ‘సుదీర్ఘ వీడ్కోలు’ యాత్ర మొదలైంది. 2024లో లాస్ వేగస్‌లోని స్ఫియర్ అనే గోళాకార భవనంలో కొద్ది వారాంతాల కార్యక్రమంగా ప్రకటించినది గిరాకీని బట్టి పొడిగింపు మీద పొడిగింపు పొందింది. 1971లో జట్టుకట్టిన నలుగురిలో ఇప్పుడు అక్కడ వేదిక మీద కనిపించేది హెన్లీ ఒక్కడే. ఆయనకు ఆయనతో అభిప్రాయభేదాలు తలెత్తినట్టు ఇంతవరకు వార్తలేవీ లేవు గనుక, బృందంలో ప్రస్తుతం పూర్తి ఏకాభిప్రాయం నెలకొని ఉన్నట్టే భావించాలి.