బూర్గుల జయంతికి ఒక కౌలుదారు కావలెను

హైదరాబాద్ నగరం బూర్గుల రామకృష్ణారావును మరిచిపోయిందని కొందరు పెద్దమనుషులు అప్పుడప్పుడు సభల్లో బాధపడుతుంటారు. ఇది పూర్తిగా నిరాధారమైన ఆరోపణ. ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల ఏ ఆటోను ఆపి ఆయన పేరు పెట్టిన ప్రభుత్వ కార్యాలయ భవనం 'బీఆర్‌కే భవన్' అన్నా, మీటరు మీద రానంటాడే తప్ప తెలియదని మాత్రం అనడు. ఒక మనిషికి ఇంతకన్నా కీర్తి ఏం కావాలి?

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. 1899లో పుట్టారు. ఊరు షాద్‌నగర్ పక్కన బూర్గుల. అసలు ఇంటిపేరు పుల్లంరాజు అయినా ఊరి పేరే నిలిచింది. హైదరాబాద్‌లో పేరున్న వకీలు, పీవీ నరసింహారావు ఆయన దగ్గరే జూనియర్. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి. 1956లో ఆ రాష్ట్రమే లేకుండా పోయింది, కొత్త కుర్చీలో నీలం సంజీవరెడ్డి కూర్చున్నారు. ఈయనను గవర్నరుగా ముందు కేరళకు, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌కు పంపారు. పోయింది ఒక రాష్ట్రం, ఇచ్చింది రెండు. ఢిల్లీ వాళ్ల లెక్క ఎప్పుడూ తప్పదు.

అసలు ఆస్తి మాత్రం ఆయన వదిలి వెళ్లిన భూమి చట్టం. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చినప్పుడు రెవెన్యూ మంత్రి ఆయనే. ఆరేళ్లు వరసగా కౌలు చేసినవాణ్ని దొర ఒక్క మాటతో వెళ్లగొట్టకుండా ఆ చట్టం 'రక్షిత కౌలుదారు'ను చేసింది. 1954 సవరణతో 38-ఈ సెక్షన్ వచ్చింది. కొన్ని పరిమితులకు లోబడి ఆ రక్షిత కౌలుదారే భూమికి యజమాని అవుతాడని దాని సారాంశం. అది చాలాచోట్ల అమల్లోకి వచ్చేసరికి 1970లు వచ్చాయి. రెవెన్యూ శాఖ నడక తెలిసినవాళ్లు దీన్ని ఆలస్యం అనరు.

ఆ 38-ఈ ఇవాళ నగరం చుట్టూ మారుమోగుతోంది. శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ రియల్ ఎస్టేట్ ఆఫీసుకైనా వెళ్లి కూర్చోండి. కొనేవాడు టీ తాగుతూ గొంతు తగ్గించి అడుగుతాడు: "అన్నా, 38-ఈ లొల్లి ఏమన్న ఉన్నదా?" బ్రోకరు గుండె మీద చెయ్యేసుకుని, "అసొంటి రోగాలేం లేవన్నా, క్లియర్ టైటిల్" అంటాడు. ఒక ముఖ్యమంత్రి చేసిన పని ఏడు దశాబ్దాల తర్వాత కూడా జనానికి ఇంత టెన్షన్ పుట్టిస్తోందంటే దాన్ని సజీవ వారసత్వం అనక ఏమనాలి?

గిట్టనివాళ్లు కేరళ సంగతి ఎత్తుతారు. 1959లో అక్కడి ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం భూసంస్కరణల బిల్లును శాసనసభలో నెగ్గించింది. ఆ ఏడాదే జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. పరిస్థితి బాగాలేదని ఢిల్లీకి నివేదిక పంపిన గవర్నరు మన బూర్గులే. గొడవకు విద్యా బిల్లు లాంటి కారణాలు వేరే ఉన్నాయన్నది నిజమే. అయినా ఇక్కడ కౌలుదారుకు భూమి ఇప్పించిన చేత్తోనే అక్కడ ఇవ్వబోయినవాళ్ల మీద నివేదిక రాశారు కదా. కుర్చీ మారితే చూపు మారవచ్చని ఆయనే దారి చూపించాక, ఆ దారిన నడిచే మన ప్రభుత్వాలను తప్పుపట్టడం ఏం మర్యాద?

ఆ నడక ఎంత శ్రద్ధగా సాగిందో చూడండి. 2019లో తెలంగాణ సచివాలయాన్ని ఖాళీ చేసి బీఆర్‌కే భవన్‌లోకి మార్చారు. 2023 ఏప్రిల్ 30న కొత్త భవనం ప్రారంభమయ్యేదాకా రాష్ట్రమంతా బూర్గుల ఇంట్లోనే అద్దెకున్నట్టు లెక్క. ఆరేళ్లు నిండలేదు కాబట్టి రక్షిత కౌలుదారు హోదా రాలేదు, లేకపోతే ఖాళీ చేయించడం కష్టమయ్యేది.

సరిగ్గా ఆ కాపురం నడుస్తుండగానే, 2020లో, కొత్త రెవెన్యూ చట్టం, దానితోపాటు భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాయి. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు (యజమాని) పక్కన అనుభవదారుకు, అంటే భూమిని నిజంగా సాగు చేసేవాడికి, ఒక గడి ఉండేది. కొత్త రికార్డులో అది మాయమైంది. 2018లో మొదలైన పెట్టుబడి సాయం రైతుబంధు డబ్బు అప్పటికే పట్టాదారుకే పడుతోంది, కనుక ఎలాగూ ఏమీ రానివాడికి గడి మాత్రం ఎందుకని కాబోలు. తర్వాత ప్రభుత్వం మారింది. కౌలురైతుకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు ఇస్తామన్న హామీతోనే మారింది. 2025 జనవరిలో రైతుబంధు బదులు రైతుభరోసా 12 వేలతో మొదలైంది, అదీ పట్టాదారుకే. ఈ ఒక్క విషయంలో పార్టీల మధ్య విభేదాలు లేకపోవడం ప్రజాస్వామ్యానికి శుభసూచకం.

కాబట్టి ఒక చిన్న మనవి. మార్చి 13న బూర్గుల జయంతి వస్తుంది. ఈసారి ఫొటోకు దండ మంత్రిగారు వేయకుండా ఒక నిఖార్సయిన కౌలుదారుతో వేయించాలి. అయితే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు, నువ్వు కౌలుదారువన్న రుజువేదీ అంటారు. పాస్‌బుక్ ఉండదు, పోర్టల్లో పేరు ఉండదు. పట్టాదారు చేత ఒక్క ముక్క రాయించుకు రమ్మంటారు. పట్టాదారు చచ్చినా రాయడు. రాసిస్తే వీడు రేపు 38-ఈ అంటాడేమోనని ఆయన భయం.