బిజోలియాలో రైతే రాజట!

రాజస్థాన్‌లోని బిజోలియా జాగీరు గురించి ఒక మెసేజ్ నెలల తరబడి తిరుగుతోంది. స్నేహితులు పంపుతూనే ఉన్నారు, నేను చూసి ఊరుకుంటూనే ఉన్నాను. నిన్న మళ్లీ వచ్చింది, కింద వరసగా దండం బొమ్మలతో సహా. ఇక ఊరుకోలేను.

మెసేజ్ చెప్పేది ఇదీ. ఉదయ్‌పూర్ రాజధానిగా ఉన్న మేవాడ్ రాజ్యం కింద ఉన్న బిజోలియాను పరమార్ రాజపుత్ర వంశం నాలుగు వందల ఏళ్లు ధర్మంగా ఏలిందట. అక్కడి పాత గుళ్లన్నీ వాళ్లే కట్టించారట. పంటలో ఆరో వంతు మాత్రమే తీసుకున్నారట. 84 పన్నుల కథ ఎవరో తర్వాత అల్లిందట. ఆడపిల్ల పెళ్లప్పుడు కట్టింది పన్ను కాదట, దొరకు ప్రేమతో ఇచ్చిన కానుకట. విజయ్ సింగ్ పథిక్ అనే బయటివాడు వచ్చి రెచ్చగొట్టేదాకా రైతులు సుఖంగా ఉన్నారట. చివరికి సర్కారు పైసా ఇవ్వకుండా జాగీరు లాగేసుకుందట.

గుళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. బిజోలియా పార్శ్వనాథ ఆలయం దగ్గరున్న రాతి శాసనం 1170 నాటిది, చౌహాన్ రాజు సోమేశ్వరుడి కాలానిది. పరమార్లకు ఆ జాగీరు దక్కింది 1527 ఖాన్వా యుద్ధం తర్వాత. ఇంతకు మించి వాదన అక్కర్లేదు.

ఆ వంశానికి జాగీరు ఎలా వచ్చిందో మెసేజ్ సరిగ్గానే చెప్పింది. అశోక్ పరమార్ జగ్నేర్ నుంచి వచ్చి, ఆ యుద్ధంలో మేవాడ్ రాజు రాణా సాంగా పక్షాన బాబరు సేనతో పోరాడాడు. అందుకు ప్రతిఫలంగా బిజోలియా ఉన్న ఊపర్‌మాల్ ప్రాంతం ఇచ్చారు. మేవాడ్ దర్బారులో మొదటి వరస సర్దార్లలో బిజోలియా రావులు, అంటే ఆ జాగీరు దొరలు, ఒకరయ్యారు. ఆ పోరాటాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే 1527లో ముత్తాతలు చేసిన యుద్ధానికి 1903లో ధాకడ్ కులపు రైతు ఒకడు తన కూతురి పెళ్లికి ఎందుకు డబ్బు కట్టాలి?

నన్ను నిజంగా మండించింది ఆ 'కానుక' మాటే. దాని పేరు చంవరీ పన్ను. చంవరీ అంటే పెళ్లి మండపం. 1903లో రావు కృష్ణసింగ్ దీన్ని వేశాడు. జాగీరులో ఎవరు కూతురి పెళ్లి చేసినా ఠికానాకు, అంటే దొర కొలువుకు, 5 రూపాయలు కట్టాలి. అప్పటికే కరువు దెబ్బ తిని ఉన్న ఊళ్లవి. 1899-1900లో రాజస్థాన్‌ను ఊడ్చేసిన ఛప్పనియా కరువు గుర్తు చేసుకోండి. ఆ కరువు తర్వాత మూడేళ్లకు వచ్చిన పన్ను ఇది. రైతులు ఏం చేశారు? పెళ్లిళ్లు ఆపేశారు. పెళ్లీడుకొచ్చిన కూతుళ్లను ఇంట్లో పెట్టుకుని, లోకం ఏమనుకుంటుందోనన్న భయాన్ని కూడా దిగమింగుకుని ఆపేశారు. ఆ రోజుల్లో, ఆ సమాజంలో, కూతురి పెళ్లి ఆపుకోవడమంటే ఏమిటో మన అమ్మమ్మలను అడిగినా చెబుతారు. అప్పటికీ రావు వినకపోతే పొలాలు వదిలేసి గ్వాలియర్ వైపు వలస బయల్దేరారు. ప్రేమతో ఇచ్చే కానుక కోసం ఎవరైనా కూతురి పెళ్లి ఆపుకుంటారా? ఊరు విడిచి పోతారా? చేతిలో ఉన్న ఫోన్‌తో పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించాలి కదా!

చివరికి కృష్ణసింగే దిగివచ్చాడు. చంవరీ పన్ను ఎత్తేశాడు. దాంతోపాటు పంటలో తన వాటాను సగం నుంచి అయిదింట రెండు వంతులకు తగ్గిస్తానన్నాడు. ఆ మాటతోనే మెసేజ్‌లోని 'ఆరో వంతు' కూలిపోతుంది. తగ్గించాక కూడా అయిదింట రెండు వంతులు. పైగా ఆ వాటా లెక్క కట్టిన తీరు చూడండి. చేలో పంట నిలబడి ఉండగానే ఠికానా మనిషి వచ్చి కంటి అంచనాతో దిగుబడి ఇంత అని చెప్పేవాడు. లేదా కళ్లం మీద పంచేవారు. వాళ్లు వచ్చేదాకా రైతు తన పంటను కళ్లం నుంచి కదిలించడానికి లేదు. వానొచ్చినా, పురుగు పట్టినా నష్టం రైతుదే. అంచనా ఎక్కువ వేస్తే అడిగే దిక్కు లేదు. వెట్టిచాకిరీ దీనికి అదనం.

ఇక 84 లాగ్‌లు, అంటే శిస్తు కాకుండా వేసే రకరకాల వసూళ్లు, కల్పితమట. 1922లో రాజపుతానాలో (నేటి రాజస్థాన్) బ్రిటిష్ ప్రభుత్వ ఏజెంట్ రాబర్ట్ హాలండ్ స్వయంగా బిజోలియా వచ్చి, రైతు పంచాయతీతో కూర్చుని ఒప్పందం కుదిర్చాడు. అందులో 35 లాగ్‌లు రద్దు చేశారు. లేని వసూళ్లను ఎలా రద్దు చేస్తారు? ఈ మాట మెసేజ్ రాసినవాళ్లకు తట్టలేదా?

పథిక్ సంగతి. ఆయన బులంద్‌షహర్ జిల్లా నుంచి వచ్చినవాడే, అసలు పేరు భూప్ సింగ్. బిజోలియాలో రైతు ఉద్యమ నాయకత్వం తీసుకుంది 1916లో. కానీ ఉద్యమం మొదలైంది 1897లో, దాదాపు ఇరవై ఏళ్ల ముందు! గిర్ధర్‌పురాలో ఒక చావు భోజనానికి చేరిన ధాకడ్ రైతులు అక్కడే మాట్లాడుకుని, నాన్‌జీ పటేల్, ఠాకరీ పటేల్ అనే ఇద్దరిని ఉదయ్‌పూర్‌లో మహారాణా ఫతేసింగ్ దగ్గరికి పంపారు. విచారణకు హమీద్ హుస్సేన్ అనే అధికారి వచ్చాడు. రైతులు చెప్పింది నిజమేనని నివేదిక ఇచ్చాడు. దాని మీద చర్య లేదు. రావు మాత్రం ఆ ఇద్దరు పటేళ్లను ఊపర్‌మాల్ నుంచే వెళ్లగొట్టాడు. ఫిర్యాదు చేసినందుకు సొంత ఊరు పోయింది. వీళ్లిద్దరి పేర్లూ ఆ మెసేజ్‌లో ఎక్కడా లేవు. 1913లో సాధు సీతారామ్ దాస్ ముందుండి నడిపితే రైతులు పొలాలు దున్నకుండా బీడు పెట్టారు. అదీ పథిక్ రాకముందే. అసలు పథిక్‌ను పిలిపించింది ఈ సీతారామ్ దాసే. ఉద్యమాన్ని తర్వాత దశాబ్దాలు మోసిన మాణిక్యలాల్ వర్మ బిజోలియా మనిషి, ఠికానా కొలువు వదిలి రైతుల్లో కలిసినవాడు. ఇందులో బయటివాళ్ల కుట్ర ఎక్కడుంది?

అలాగని మొత్తం పాపం ఒక్క వంశం నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు. ఈ మాట నా వైపు వాదించేవాళ్లకు నచ్చకపోవచ్చు. 1906లో పృథ్వీసింగ్ రావు అయినప్పుడు తల్వార్ బంధాయీ అనే వారసత్వ రుసుము ఉదయ్‌పూర్‌కు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు అడిగింది మహారాణా. రావు చేసిన తప్పు, దాన్ని రైతుల మీదికి తోసేయడం. 1914లో పృథ్వీసింగ్ చనిపోయాక వారసుడు కేసరీసింగ్ మైనర్. పెత్తనం మేవాడ్ అధికారుల చేతికి వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధ నిధి పేరుతో వసూళ్లు పెరిగిన ఆ ఏళ్లలో అణచివేత నడిపింది వాళ్లే. ఇంకొకటి, పథిక్‌తో కలిసి 1915లో తెల్లవాళ్ల మీద తిరుగుబాటుకు సిద్ధమై, టాడ్‌గఢ్‌లో నిర్బంధంలో ఉన్న రావు గోపాల్ సింగ్ కూడా ఖర్వా ఠికానా రాజపుత్రుడే. కాబట్టి కులాన్ని తిట్టడానికి ఈ చరిత్రను వాడుకునేవాళ్లకూ నేను తోడు రాను.

మిగిలింది 'పైసా ఇవ్వకుండా లాక్కున్నారు' అనే మాట. రాజస్థాన్‌లో జాగీర్ల రద్దు 1952 చట్టంతో జరిగింది. దాని కింద జాగీర్దార్లకు పరిహారం వచ్చింది, దానికి తోడు పునరావాస గ్రాంటూ వచ్చింది. భూమి పోగొట్టుకుని ఏళ్ల తరబడి తిరిగింది రైతులు. 1927లో కొత్త సెటిల్‌మెంట్, అంటే భూమి శిస్తు నిర్ణయం, మెట్ట భూముల మీద రేట్లు పెంచేసింది. నిరసనగా రైతులు ఆ భూములకు రాజీనామా ఇస్తే, ఠికానా వాటిని వేలం వేసి వేరేవాళ్లకు కట్టబెట్టింది. 1931 అక్షయ తృతీయ నాడు తమ పాత పొలాల్లో నాగలి పెట్టినందుకు రైతులు దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. 1941లో మేవాడ్ దివాన్‌గా ఉన్న టి. విజయరాఘవాచార్య రెవెన్యూ మంత్రి మోహన్ సింగ్ మెహతాను బిజోలియా పంపాకే ఆ భూములు తిరిగి వాళ్ల చేతికొచ్చాయి.