గుమస్తా గారికి దక్కని గౌరవం

1989లో ఆరుగురు పండితులు కలిసి ఆబ్జెక్ట్ డేటాబేస్ ఎలా ఉండాలో ఒక మేనిఫెస్టో రాశారు. దేన్నీ ముక్కలు చేసి పట్టికల్లోకి తొయ్యొద్దు, గుణగణాలతో, లంకెలతో సహా ఉన్నదున్నట్టు దాచాలి అన్నది దాని సారాంశం. అందులో గుంటూరు మిర్చి యార్డు ఊసే లేదు. ఈ అన్యాయాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం.

ఏ కమీషన్ కొట్టుకైనా వెళ్లి చూడండి. మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతుంటాయి, జనం తుమ్ముతుంటారు. గుమస్తా గారు పుస్తకం తెరవరు, రైతు మొహం చూస్తారు. ఊరేది, పొలం సొంతమా కౌలా, వేసిన మిర్చి రకం తేజానా 334నా, కోల్డ్ స్టోరేజీలో ఎంత ఉంది, పురుగుమందులకు పట్టుకెళ్లిన అడ్వాన్సెంత, దాని వడ్డీ ఎక్కడిదాకా పాకింది, అన్నీ వరసగా వచ్చేస్తాయి. పట్టికలు కలిపే పనే లేదు. “మీ నాన్నది కూడా కాస్త ఉందిరా అబ్బాయ్” అంటారు చల్లగా. ఇంజినీరింగ్ కాలేజీల్లో సెమిస్టరంతా చెప్పే ఇన్‌హెరిటెన్స్ (వారసత్వం) పాఠం ఆ ఒక్క మాటతో పూర్తి.

పాపం, జెనీవా దగ్గర సెర్న్, కాలిఫోర్నియాలో స్లాక్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలు ఇదే పని డబ్బు పోసి చేయబోయాయి. కణాలు ఢీకొన్న ఘటనల డేటా దాచడానికి 1990ల్లో ఆబ్జెక్టివిటీ అనే ఆబ్జెక్ట్ డేటాబేస్ తెచ్చుకున్నాయి. ఘటన నుంచి కణం నడిచిన దారికి, అక్కడి నుంచి డిటెక్టర్‌లో పడిన గుర్తుకు నేరుగా వెళ్లొచ్చు. వందల టెరాబైట్లు నింపాక సెర్న్‌కు బెంగ పట్టుకుంది. అమ్మేది ఒకే కంపెనీ, అదీ చిన్నది, రేపు ఉంటుందో లేదో. 2003 ప్రాంతంలో దాదాపు 300 టెరాబైట్లను అందులోంచి బయటికి మోసుకుని, అసలు డేటాను మామూలు ఫైళ్లలో, దాని వివరాల చిట్టాను పట్టికల డేటాబేస్ ఒరాకిల్‌లో పెట్టుకున్నారు. స్లాక్ వాళ్లు రూట్ అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్లకు మారారు. మనకా తిప్పలు లేవు. గుమస్తా గారు తిరుపతి వెళ్తే లెక్కలు ఆగుతాయి, రైతులూ ఆగుతారు. వేరే కొట్టుకు పోదామంటే అడ్వాన్సు ఊరుకోదుగా.

గిట్టనివాళ్లు ఒక వంక పెడతారు: లంకె ఎటు వేశారో అటు వెళ్లడమే ఈ డేటాబేసులకు సులువట, ఎదురు దిశలో అడిగితే మొత్తం గాలించాలట. నిజమే. రైతు నుంచి బాకీకి కన్నుమూసి తెరిచేలోగా వెళ్లే గుమస్తా గారు, తాలు పేరుతో ఎంత కోశారు, మిగిలిన డబ్బు ఎప్పుడిస్తారు అని ఆ రైతే అడిగితే మాత్రం కళ్లజోడు వెతుక్కుంటారు. ఆ దిశలో లంకె వేయమని కొట్టు యజమాని ఎప్పుడూ చెప్పలేదు మరి. ప్రస్తుతానికి సోమవారం రమ్మన్నారు.