సంతకం నాన్నది, ఓటెవరిది?

2020 అక్టోబరులో మా ఇంటికి మూడు బ్యాలట్ కవర్లు వచ్చాయి. కోవిడ్ వల్ల ఆ ఏడాది న్యూజెర్సీలో నమోదైన ఓటర్లందరికీ రాష్ట్రమే పోస్టులో బ్యాలట్లు పంపింది. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది, మూడోది నాన్నగారిది. పౌరసత్వం వచ్చాక ఆయన వేయబోయే మొదటి ఓటు అది. మా ఆవిడ తనది తను నింపుకుంది. నేను రెండు ఆఫీసు మీటింగుల మధ్య దొరికిన పావుగంటలో నాదీ, నాన్నగారిదీ ముందేసుకుని నల్ల పెన్నుతో సున్నాలన్నీ నింపేశాను. ఆయన కవరు తిప్పి, "ఇక్కడ సంతకం పెట్టండి నాన్నా, మిగతాదంతా నేను చూసేశాను" అన్నాను.

ఆయన పెన్ను తీసుకుని కాసేపు ఆగారు. "స్కూలు బోర్డుకి ఎవరెవరు నిలబడ్డార్రా?" అని అడిగారు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. "మీకు తెలిసినవాళ్లెవరూ లేరు నాన్నా" అన్నాను. తెలుగులో సంతకం మొదలుపెట్టబోతుంటే ఆపి, ఇక్కడివాళ్లకి అర్థం కావాలి కదా, ఇంగ్లీషులో పెట్టమని కూడా చెప్పాను. పెట్టారు.

తర్వాత కొద్ది రోజులకి ఉత్తరం వచ్చింది. కవరు మీది సంతకం, ఓటరుగా నమోదైనప్పటి సంతకం కలవడం లేదట. నమోదు చేసుకున్న రోజు ఆయన తెలుగులోనే పెట్టారు, నాకది గుర్తే లేదు. సంతకం తనదేనని ఆయన ధ్రువీకరించే ఫారం ఆ ఉత్తరంతోనే పంపారు. గడువులోపే నింపి పంపాం, ఓటు లెక్కలోకి వెళ్లింది. ఆ ఫారం మీద సంతకం పెడుతూ ఆయన నన్ను చూడకుండానే అన్నారు: "సంతకం నాదేనని రాసిచ్చాను. ఓటు మాత్రం ఎవరిదిరా?"

ఆ మాటకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మన ఇళ్లల్లో ఇది నా ఒక్కడి కథ కాదు. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో, గుడిలో, పిల్లల డాన్సు క్లాసు బయట నిలబడి మాట్లాడుకునేటప్పుడు "మా ఇంట్లో నాలుగు ఓట్లు, అన్నీ నేనే చూసుకుంటా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఎవరూ తప్పు చేస్తున్నామనుకుని అనరు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు కాగితాలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు చూసుకున్నట్టే ఇదీ ఒకటి అనుకుంటాం. కానీ కరెంటు బిల్లు ఎవరు కట్టినా ఒకటే. ఓటు అలాంటిది కాదు. మనిషి ఇష్టం కనుక్కోకుండా అతని బ్యాలట్ నింపడాన్ని చట్టం సాయంగా చూడదు, నేరంగా చూస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, పరాయి దేశంలో ఈ వయసులో ప్రమాణం చేసి సంపాదించుకున్న హక్కుని సొంత కొడుకే తీసేసుకుంటే ఆ పెద్దాయన ఎవరితో చెప్పుకుంటాడు?

నేను మెయిల్ బ్యాలట్‌కి వ్యతిరేకిని కాను. ఒరెగాన్ ప్రజలు 1998లోనే ఓటేసి మరీ పూర్తిగా పోస్టు ఓటింగు తెచ్చుకున్నారు. 2020లో ఎన్నికల రోజుకి ముందే 10 కోట్ల మందికి పైగా ఓటేశారు, అందులో ఎక్కువ భాగం పోస్టులో వచ్చినవే. మోకాళ్లు సహకరించనివాళ్లకి, డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకి అది లేకపోతే ఓటే లేదు. నా అభ్యంతరం ఒక్కటే. కవరు ఇంట్లోకి వచ్చాక ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల ఓటే అందులోకి వెళుతుంది. పోలింగు కేంద్రంలో ఉండే మరుగు మన డైనింగ్ టేబుల్ దగ్గర ఉండదు.

పైగా మనవాళ్ల కవర్లకి వేరే గండాలున్నాయి. 2020లో దేశం మొత్తం మీద తిరిగొచ్చిన మెయిల్ బ్యాలట్లలో తిరస్కరించినవి నూటికి ఒకటి కంటే తక్కువే, కానీ లెక్కపెడితే 5 లక్షల 60 వేలు. వాటిలో దాదాపు మూడో వంతుకి కారణం సంతకం కలవకపోవడం. చెయ్యి వణికే వయసులో, ఒకచోట తెలుగులో, ఇంకోచోట ఇంగ్లీషులో, ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో సంతకం పెట్టే మన పెద్దవాళ్లకి ఈ చిక్కు దగ్గరి చుట్టం లాంటిది. టెక్సాస్‌లో 65 దాటినవాళ్లు పోస్టులో ఓటేయొచ్చు. కానీ 2021లో తెచ్చిన చట్టం ప్రకారం కవరు మీద డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలో వేయాలి, అది నమోదులో ఉన్నదానితో కలవాలి. మరుసటి ఏడాది మార్చిలో పార్టీల అభ్యర్థులని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో అక్కడ 24 వేలకు పైగా బ్యాలట్లు, అంటే వచ్చినవాటిలో నూటికి పన్నెండు, లెక్కలోకి రాలేదు. నంబరు వేయాల్సిన చోటు కవరు మడత కింద ఉంటే ఎంతమందికి కనపడుతుంది?

అందుకే నడవగలిగిన పెద్దవాళ్లని ఎర్లీ ఓటింగ్‌కి, అంటే ఎన్నికల రోజుకి ముందే కేంద్రానికి వెళ్లి ఓటేయడానికి, తీసుకెళ్లండి అంటాను.

న్యూజెర్సీలో ఇది 2021లో మొదలైంది. నవంబరు ఎన్నికకి తొమ్మిది రోజులు, అందులో రెండు శని, ఆదివారాలు. మన కౌంటీలో (జిల్లాలాంటిది) ఏ ఎర్లీ ఓటింగ్ కేంద్రానికైనా వెళ్లొచ్చు. ఆ మొదటి ఏడాదే ఒక ఆదివారం నాన్నగారిని తీసుకెళ్లాను. ఆయన తెలుగు ధారాళంగా చదువుతారు, ఇంగ్లీషు బ్యాలట్ చదవలేరు. పౌరసత్వం పరీక్ష కూడా వయసు మినహాయింపు కింద తెలుగులోనే, దుబాసీ ద్వారా ఇచ్చారు. ఇలాంటివారి కోసమే ఓటింగ్ హక్కుల చట్టంలో 1982లో 208వ సెక్షన్ చేర్చారు. చూపు లేక, వైకల్యం వల్ల, చదవడం రాయడం రాక సాయం కావాల్సిన ఓటరు తనకి నచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లొచ్చు. ఆ మనిషి ఆయన యజమానో, యూనియన్ ప్రతినిధో కాకూడదు, అంతే. ఇది మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. వెళ్లేముందు రాత్రి చదివి తెలుసుకున్నాను.

లోపల నా పని చదివి చెప్పడం. ఒక్కో పేరూ చదివాను. ఆ ఏడాది రాష్ట్రం అడిగిన రెండు ప్రశ్నల్లో ఒకటి, ఇక్కడి కాలేజీ జట్లు ఆడే ఆటల మీద పందేలు కాయడానికి అనుమతించాలా వద్దా అని. తెలుగులో చెప్పాను. "మళ్లీ చదువు" అన్నారు. చదివాను. "పిల్లలు ఆడే ఆట మీదా?" అన్నారు. అవునన్నాను. వేలు తెర దగ్గర చాలాసేపు ఆపి, నొక్కారు. ఏది నొక్కారో ఇక్కడ రాయను, అది ఆయన ఓటు. స్కూలు బోర్డు పేర్లు రెండోసారి చదివించుకున్నారు. మొత్తం పదిహేను నిమిషాలు పట్టింది. వెనక ఉన్నవాళ్లు ఎవరూ విసుక్కోలేదు.

వెళ్లేముందు ఒకటి చూసుకోండి. న్యూజెర్సీలో అన్ని ఎన్నికలకీ మెయిల్ బ్యాలట్ కావాలని ఒకసారి అడిగితే, వద్దని రాసిచ్చేదాకా, లేదా వరసగా నాలుగేళ్లు పోస్టులో ఓటేయకుండా ఉండేదాకా, ప్రతి ఎన్నికకీ పంపుతూనే ఉంటారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లు కేంద్రానికి వస్తే మెషీన్ మీద వేయనివ్వరు, ప్రొవిజనల్ బ్యాలట్ (వివరాలు సరిచూశాకే లెక్కపెట్టే కాగితం ఓటు) ఇస్తారు. మా స్నేహితుడి అత్తగారు అలా కాగితం పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడడం కళ్లారా చూశాను. శీతాకాలానికి ఇండియా వెళ్లే పెద్దవాళ్లకి ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ ఉంది, విదేశంలో ఉన్న అమెరికా పౌరులు బ్యాలట్ కావాలని అడిగే ఫారం అది. ఫెడరల్ ఎన్నికకి 45 రోజుల ముందు బ్యాలట్ పంపాలి, ఈమెయిల్లో కావాలంటే అలాగే పంపుతారు. టికెట్లు కొన్న రోజే ఆ పని కూడా చేసేయండి.

ఇక మన అసోసియేషన్‌ని ఒకటి అడుగుతున్నాను. హెల్త్ క్యాంపులు పెడుతున్నాం, ట్యాక్స్ సదస్సులు పెడుతున్నాం. అక్టోబరులో ఒక్క సాయంత్రం పెద్దవాళ్ల కోసం పెట్టండి. ఇంటికొచ్చే శాంపిల్ బ్యాలట్ ముందు పెట్టుకుని, ప్రతి పదవీ ఏం చేస్తుందో, ప్రతి ప్రశ్న ఏం అడుగుతోందో తెలుగులో చదివి చెప్పండి. ఎవరికి వేయాలో చెప్పొద్దు. పన్ను మినహాయింపు ఉన్న ఇలాంటి సేవాసంస్థలు అభ్యర్థులని సమర్థించకూడదు, ఓటరుకి విషయం తెలియజెప్పడానికి అడ్డేమీ లేదు. ఆ గదిలో కొడుకులూ కోడళ్లూ వెనక వరుసల్లో కూర్చుంటే బాగుంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు శాంపిల్ బ్యాలట్ రాగానే నాన్నగారు దాన్ని తన గదిలోకి తీసుకెళతారు. మనవరాలిని కూర్చోబెట్టుకుని పేర్లు తెలుగు లిపిలో పక్కన రాయించుకుంటారు, పెన్సిలుతో కొన్నిటికి టిక్కులు, కొన్నిటికి ప్రశ్నార్థకాలు పెట్టుకుంటారు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "శనివారం ఎన్నింటికి బయల్దేరదాం?" అని అడుగుతారు.