హాలు సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

విజయనగరంలో వార్డుకో సాంస్కృతిక భవనం కడితే పెద్దవాళ్లు సాయంత్రాలు ఫోన్ పక్కన పెట్టి ఆటపాటలు నేర్చుకోడానికి వస్తారని ఒక వ్యాసంలో రాశారు. భవనం ఒక్కటే చాలదండీ. 1919లో సంగీత కళాశాల పుట్టి, హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరిది. నేర్పేవాళ్లకు కరువు లేదు, కుదరనిది వేళ. ఐదింటికి క్లాసంటే కొట్టు కట్టేయని వాళ్లు, వంట కాని ఆడవాళ్లు ఎలా వస్తారు? ఏడు నుంచి ఎనిమిదిన్నర, వారానికి రెండు రోజులు పెట్టండి.

తప్పెటగుళ్లు నేర్పేటట్టయితే ముందు నేల చూసుకోవాలి. ఛాతీకి వాయిద్యం కట్టుకుని వాయిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టి గెంతే మన ఉత్తరాంధ్ర జానపద ఆట అది. టైల్స్ మీద కాలు జారుతుంది, సిమెంటు మీద నలభై దాటినవాళ్ల మోకాళ్లు పట్టేస్తాయి. వెనకాల కాస్త మట్టి ఆవరణ వదిలితే చాలు. మొదటి నెల గజ్జెలు వద్దు, అడుగులే. గుల్లును, అంటే ఆ తోలు వాయిద్యాన్ని, ఛాతీకి బిగించి కట్టాలి. తాడు వదులైతే గెంతినప్పుడల్లా ఎగిరి దరువు తప్పుతుంది. వానాకాలం తోలు చెమ్మకి మెత్తబడి మోగదు. సెగ చూపించాలి, మరీ దగ్గరగా పెడితే చిట్లుతుంది. (దాన్ని బీరువాలో పెట్టి మర్చిపోయే కమిటీలకు ఇది చెప్పినా దండగే.)

తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్కరి దగ్గరే ఉంటే ఆయన ఊరెళ్లిన రోజు అందరూ గుమ్మంలోంచే వెనక్కి. ఇక ఆదాయం కోసం హాలును పెళ్లిళ్లకిస్తే ముహూర్తాల నెలల్లో తరగతులు ఆగిపోతాయి, ఆగినవాళ్లలో సగం మంది మళ్లీ రారు. అందుకే ఒక క్లాసు మంగళవారం పెట్టండి. ఆ రోజు మనవైపు పెళ్లి పెట్టేవాళ్లు తక్కువ.